మోటర్‌హోమ్‌లో పాలు పొంగించబోయిన రోజు

మోటర్‌హోమ్‌లు బాగుచేసే యార్డులో పనిచేసి రిటైరయ్యానని చెబితే, మా ఇంటికి భోజనానికొచ్చే స్టూడెంట్ పిల్లలు ముందు నమ్మరు. “ఆంటీ, మీరా? ఆ బస్సంత బండ్లా?” అంటారు. నేనేమీ స్పానర్ పట్టలేదు. సర్వీస్ డెస్క్ దగ్గర కూర్చునేదాన్ని. బండి తెచ్చినవాళ్ల కష్టం విని మెకానిక్‌కి చెప్పడం, మెకానిక్ తిట్టింది విని బండివాళ్లకి తిట్టులా వినిపించకుండా చెప్పడం నా పని. ఒకవిధంగా దుబాసీ ఉద్యోగం.

మీలో ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ సంగతి చెప్పాలనిపించింది. ఇందులో నీతి ఏమిటని మాత్రం అడగకండి. ఉంటే నాకిప్పటికీ దొరకలేదు.

కెనడాలో మన విండ్సర్ ఊరి చివర, మొక్కజొన్న పొలాల అంచున ఉండేది మా యార్డు. మోటర్‌హోమ్ అంటే ఇంజనూ, వంటిల్లూ, మంచాలూ, బాత్రూమూ అన్నీ ఒకే బండిలో ఉన్న ఇల్లు. చలికాలం వస్తే వాటి పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగిలిపోకుండా గులాబీరంగు మందు ఎక్కించి, తెల్లటి ప్లాస్టిక్ చుట్టి మా దగ్గర వదిలి వెళ్లేవారు. ఏప్రిల్‌లో మంచు కరిగిందంటే మా యార్డుకి పండగా తద్దినమూ ఒకేరోజు వచ్చినట్టుండేది. అందరికీ అందరికంటే ముందు బండి కావాలి. ప్లాస్టిక్ విప్పాలి, ఆ మందంతా కడిగెయ్యాలి, బ్యాటరీలు, టైర్లు, పైకప్పు అతుకులు చూడాలి, చలికి లోపల చేరి కాపురాలు పెట్టిన ఎలుకల్ని సాగనంపాలి. అన్నిటికంటే ముఖ్యం గ్యాసు. స్టవ్‌కీ, ఫ్రిజ్‌కీ, హీటర్‌కీ ప్రొపేన్ గ్యాసు గొట్టాలు బండి అడుగున పాకి ఉంటాయి. వాటిని ఒక్కొక్క అతుకూ చూసి, సరే అంటేనే బండి గేటు దాటాలి.

ఆ సరే అనే మనిషిని నేను పెద్దాయన అంటాను. దేశానికి తూర్పు కొసన హాలిఫాక్స్ దగ్గర సముద్రపు ఒడ్డున పుట్టి, కుర్రతనంలో కార్ల ఫ్యాక్టరీ పనికి విండ్సర్ వచ్చి, అక్కణ్ణుంచి మా యార్డుకి చేరినవాడు. ఇంగ్లీషులో ఎవరికైనా “యూ” ఒక్కటే కాబట్టి సరిపోయింది గానీ, నా మనసులో ఆయనెప్పుడూ “మీరు” అనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు వాటర్ పంపుకీ వాటర్ హీటర్‌కీ తేడా తెలియదు. మధ్యాహ్నం లంచ్ బాక్సు పట్టుకొచ్చి నా డెస్క్ పక్కన కూర్చుని, “ఇవాళ ఏం నేర్చుకుంటావు?” అనేవాడు. నా టమాటా పప్పు సగం తినేసి, ఒక పంపు ఎలా పనిచేస్తుందో చెప్పి లేచిపోయేవాడు. మా ఆయనకి కార్ల ప్లాంటులో షిఫ్ట్ రద్దయి ఇంట్లో కూర్చున్న కాలంలో, ఏమీ అడక్కుండా మా కారుకి మంచులో జారని వింటర్ టైర్లు బిగించిపెట్టిన మనిషి.

బండి మెట్టు మీద కాలు పెట్టగానే ఒక్కసారి గాలి పీల్చి, “ఫ్రిజ్ వెనకాల” అనో, “స్టవ్ కింద, ఎడమ పక్క” అనో చెప్పేవాడు. సబ్బునీళ్లు పూసి చూస్తే సరిగ్గా అక్కడే బుడగలు వచ్చేవి. యార్డులో ఆయన ముక్కు మీద పందాలు కాసేవారు.

కోవిడ్ వచ్చి, ఆయనకీ వచ్చి, తగ్గింది. కొన్నాళ్లు సెలవు పెట్టి తిరిగొచ్చాడు. కాస్త చిక్కాడు, అంతే. తర్వాత వచ్చిన ఎండాకాలంలో ఒకసారి ఓ బండి కింద కంపు చిమ్మే స్కంక్ అనే జంతువు దూరింది. దాని కంపు ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. యార్డంతా ముక్కులు మూసుకుని రోడ్డు దాకా పరిగెత్తాం. పెద్దాయన ఒక్కడే ఆ పక్క బండి కింద పడుకుని బ్రేకు పని పూర్తి చేసుకుని వచ్చాడు. “అదీ మనిషంటే!” అని చప్పట్లు కొట్టాం. ఆయన టోపీ తీసి వంగి దండం పెట్టాడు. చప్పట్లు కొట్టిన చేతుల్లో నావీ ఉన్నాయి.

ఆ మరుసటి వసంతంలో డాక్టరమ్మ గారి బండి మా దగ్గర తయారవుతోంది.

డాక్టరమ్మ గారు విండ్సర్‌లో మన తెలుగు పిల్లలకే కాదు, ఊళ్లో సగంమంది పిల్లలకి మందులిచ్చిన మనిషి. భర్త ప్లాంటులో ఇంజనీరు. ఇద్దరూ రిటైరయ్యాక ఎవరి దగ్గరో పాత మోటర్‌హోమ్ ఒకటి కొన్నారు. కొన్నది మంచు పడబోయే ముందు. అందుకని ఒక్కరోజైనా అందులో ఉండకుండానే మా యార్డులో పెట్టారు. చలికాలమంతా ఆవిడ నాకు ఫోన్ చేస్తూనే ఉంది. “ఏమ్మా, మా ఇల్లెలా ఉంది?” అని అడిగేది. ఎండాకాలం రాగానే ఆ బండిలో హాలిఫాక్స్ దాకా వెళ్లాలని వాళ్ల ఆశ. కెనడాలో ఆవిడ మొదటి ఉద్యోగం అక్కడి ఆసుపత్రిలో. పెద్దాయనది ఆ ఊరేనని తెలిసిన దగ్గర్నుంచి ఆయన చుట్టాలబ్బాయి అయిపోయాడు.

ఆరోజు శుక్రవారం. బండి మధ్యాహ్నానికి ఇస్తామన్నాం. వాళ్లు పొద్దున్నే వచ్చేశారు.

“ముహూర్తం పదింటికమ్మా,” అంది డాక్టరమ్మ గారు. చేతిలో పాల ప్యాకెట్టు, కొత్త గిన్నె. “గృహప్రవేశం కదా. పాలు పొంగించి వెళ్లిపోతాం, మీ పనికి అడ్డం రాం.”

“ఈవిడ బండికి కొబ్బరికాయ కూడా కొడతానంటే నేనే ఆపా,” అన్నారు భర్త. “విండ్‌షీల్డ్ పగిలితే ఇన్సూరెన్స్ వాడికి ఏం చెప్పేది?”

నవ్వుకున్నాం. పెద్దాయన లోపలే ఉన్నాడు, వెళ్లమన్నాను. నేను ఫోన్ మోగితే డెస్క్ దగ్గర ఆగిపోయాను.

అంతకుముందు ఏం జరిగిందో తర్వాత తెలిసింది. గ్యాసు పరీక్షంతా ముందురోజే అయింది. శుక్రవారం పొద్దున స్టవ్ పలక కింద ఎలుక గూడు కనిపించింది. పెద్దాయన స్టవ్ ఎత్తి, గొట్టం నట్టు వదులుచేసి, గూడు తీసి, మళ్లీ బిగించాడు. మంట చూద్దామని సిలిండర్ తెరిచాడు. గ్యాసు లీకైతే కూత పెట్టే అలారం ఒకటి ప్రతి బండిలో ఉంటుంది. డాక్టరమ్మ గారి బండిలోది పాతదైపోయిందని ఊడదీశాడు. కొత్తది ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

నేను ఫోన్ పెట్టేసి తాళాలు తీసుకుని వెళ్లాను. ప్రొపేన్ గాలికంటే బరువు. నేల మీద పరుచుకుని తలుపు తెరిచుంటే మెట్లమీంచి కిందికి జారుతుంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే నా ముక్కుకి తగిలింది, కుళ్లిన కోడిగుడ్ల కంపు. తలెత్తి చూశాను. స్టవ్ మీద పాలగిన్నె. డాక్టరమ్మ గారి చేతిలో లైటర్. పక్కనే, చేయి చాస్తే తగిలేంత దగ్గరలో, పెద్దాయన చిరునవ్వుతో నిలబడి ఉన్నాడు.

“అమ్మా, వెలిగించకండి!” అని తెలుగులో అరిచాను. “అలా ఉంచండి! ఏమీ ముట్టుకోకుండా కిందికి రండి!”

ఆవిడ చేయి గాల్లోనే ఆగింది. ఎన్నో ఏళ్లు ఎమర్జెన్సీలో పనిచేసిన మనిషి, ఎందుకని అడగలేదు. భర్త చేయి పట్టుకుని దిగిపోయింది. పెద్దాయన మాత్రం నా వైపు అయోమయంగా చూశాడు. ఆయనకి నా తెలుగు అర్థం కాలేదు.

“గ్యాస్!” అన్నాను ఇంగ్లీషులో.

“ఏ గ్యాస్?” అన్నాడు.

ఆ కంపు మధ్యలో నిలబడి, నిజంగానే అడిగాడు. ఆ రెండు మాటలు విన్న క్షణాన నాకు స్కంక్ గుర్తొచ్చింది. ఆఫీసులో కాఫీ కుండ మాడి నల్లబడిపోతుంటే ఆయన పక్కనే కూర్చుని పేపర్ చదువుకోవడం గుర్తొచ్చింది. ఆ ఏడాది నా టిఫిన్ డబ్బా మూత తీసినప్పుడు “ఇవాళేంటి?” అని ఒక్కసారీ తల తిప్పకపోవడం గుర్తొచ్చింది.

పరిగెత్తి సిలిండర్ మూశాను. ఆయన కూడా దిగొచ్చాడు. మొహంలో రక్తం లేదు. రెండో టెక్నీషియన్ వచ్చి, లోపలి గాలంతా పోయాక స్టవ్ కింద సబ్బునీళ్లు పూశాడు. నట్టు దగ్గర బుడగలు వచ్చాయి. కొంచెమే. పెద్దాయన పావు తిప్పు తక్కువ బిగించాడు, అంతే.

కంకర మీద నలుగురం నిలబడ్డాం.

“లోపలికి రాగానే వాసనేమిటని అడిగానమ్మా,” అంది డాక్టరమ్మ గారు నాతో తెలుగులో. “ఎలుకలది, కిటికీలు తెరిస్తే పోతుందన్నాడు. గూడు చూపించాడు కూడా. నిజమేననుకున్నా.”

ఆయన తనకి తెలియని వాసన గురించి ఎవరైనా అడిగితే ఏదో ఒకటి ఊహించి చెప్పడం అలవాటు చేసుకున్నాడు. ఏడాదికి పైగా అలాగే నెట్టుకొచ్చాడు. ఆరోజు ఊహ తప్పింది.

డాక్టరమ్మ గారికి ఏదో అనుమానం వచ్చినట్టుంది. తన కారు దగ్గరకెళ్లి, ప్రయాణానికి సర్దుకున్న సామాన్ల సంచిలోంచి చిన్న డబ్బా తెచ్చింది. మూత తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. నాకు బారెడు దూరంలో ఇంగువ ఘాటు కొట్టింది.

“మా వంటింటి సుగంధద్రవ్యం. ఎలా ఉంది?” అని ఇంగ్లీషులో అడిగింది.

పెద్దాయన నిండుగా పీల్చాడు. మర్యాదస్తుడు కదా, నవ్వు తెచ్చుకున్నాడు. “చాలా బావుంది. పూల వాసనలా ఉంది.”

డాక్టరమ్మ గారి భర్త మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆవిడ మూత పెట్టేసి, ఆయన భుజం మీద చేయి వేసింది. జబ్బుపడ్డ పిల్లాడిని అడిగినట్టు మెల్లగా అడిగింది.

“ఎప్పట్నుంచి?”

ఆయన టోపీ తీసి చేతుల్లో నలిపాడు. “ఆ కోవిడ్ జ్వరం నుంచి,” అన్నాడు.

ఎవరికీ చెప్పలేదట. ఇంట్లో భార్యకి కూడా. ఆవిడ వారం వారం బ్రెడ్ చేస్తుందట. తలుపు తీయగానే “ఆహా” అంటాడట. డాక్టర్ దగ్గరకి వెళితే రాస్తారు, రాస్తే గ్యాసు లైసెన్స్ ఏమవుతుందోనని వెళ్లలేదట.

“ట్రీట్‌మెంట్ ఉందయ్యా,” అంది ఆవిడ. “ముక్కుకి ట్రైనింగ్ ఇవ్వొచ్చు. తొందరగా మొదలుపెడితే చాలామందికి కొంతైనా వస్తుంది.”

“తొందరగా,” అని ఆ ఒక్క మాటే తిరిగి పలికాడు.

తర్వాత నా వైపు తిరిగాడు. “సోమవారం నేనే చెబుతాను, ఓనర్‌కి. అంతకంటే ముందు ఈ సీజన్లో నేను సరే అన్న బండ్లన్నీ మళ్లీ చూడాలి. నాతో వస్తావా?”

వెళ్లాను. ఆ మధ్యాహ్నమే అందరికీ ఫోన్లు చేశాను. సిలిండర్ మూసేయండి, మేమొచ్చి ఇంకోసారి చూసేదాకా తెరవకండి అని చెప్పాను. శని, ఆదివారాలు ఆయన ట్రక్కులో ఊరూరా తిరిగాం. ఆయన సబ్బునీళ్లు పూసేవాడు, నేను మోకాళ్ల మీద కూర్చుని వాసన చూసేదాన్ని. ఎక్కడా ఒక్క బుడగ లేదు. ఒక్క అతుకూ వదులు లేదు. బండి బండికీ నా గుండె తేలికవుతుంటే, ఆయన మొహం మాత్రం ఇంకా ఇంకా దిగాలుపడుతూ వచ్చింది. అంత మంచి పని చేసే చేతులు ఆయనవి. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఆదివారం సాయంత్రం లేక్ ఒడ్డు రోడ్డు మీద తిరిగొస్తుంటే అడిగాను. “గూడు తీసి బిగించాక సబ్బునీళ్లు ఎందుకు పెట్టలేదు?”

ట్రక్కు వేగం తగ్గించాడు.

“వాసన రాలేదు కాబట్టి,” అన్నాడు. “ఎప్పుడూ అంతే కదా. బిగించాక వాసన రాకపోతే పనయిపోయినట్టే. నాకసలు వాసనే రాదన్న సంగతి మర్చిపోయాను.”

సోమవారం మాట నిలబెట్టుకున్నాడు. మా ఓనర్ అప్పటికి పాత ఓనర్ గారి కూతురు. చిన్నప్పుడు పెద్దాయన ట్రక్కులో కూర్చుని ఐస్‌క్రీమ్‌లు తిన్న పిల్ల. గదిలోకి నన్నూ పిలిచారు. ఆయన దాచకుండా అంతా చెప్పాడు. ఆ అమ్మాయి కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది. “నాకెందుకు చెప్పలేదు?” అంది. ఆ తర్వాత కళ్లు తుడుచుకుని ఇన్సూరెన్స్‌వాళ్లకి ఫోన్ చేసింది. ఆమెను నేను తప్పుపట్టను. యార్డులో ఇంకెందరో బతుకుతున్నారు.

“గ్యాసు పని మానేస్తాను. టైర్లున్నాయి, పైకప్పులున్నాయి, నీళ్ల పైపులున్నాయి,” అన్నాడాయన.

“వాసన పట్టే మిషన్లున్నాయి,” అన్నాను నేను. “రెండో టెక్నీషియన్‌ని జత చేయండి. కావాలంటే నేను వెళ్తాను.”

“ప్రతి బండిలోనూ గ్యాసు ఉంటుంది కదా,” అంది ఆ అమ్మాయి. “సీజన్ నెత్తిమీదుంది. ఇద్దరేసి మనుషుల్ని ఎక్కణ్ణుంచి తేను? డాక్టర్ సర్టిఫికెట్ తీసుకురండి, అప్పుడు చూద్దాం.”

అప్పుడు చూద్దాం అన్నమాట ఏ భాషలో అన్నా ఒకటే. ఆయనకి అర్థమైంది. లేచి ఆ అమ్మాయి తలమీద చేయి పెట్టి బయటికొచ్చాడు. టూల్‌బాక్సు ట్రక్కులోకి ఎక్కించడానికి రెండో టెక్నీషియన్ సాయం పట్టాడు. గేటు దగ్గర వరసలో ఉన్నవాళ్లలో ఎవరో, బండి అడ్డంగా ఉందని హారన్ కొట్టారు. పెద్దాయన చేయెత్తి సారీ అని, ట్రక్కు పక్కకి తీసి, అలాగే రోడ్డెక్కి వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ గారూ భర్తా మళ్లీ వచ్చేసరికి ఆయన లేడు. “మొదటి గ్లాసు ఆయనకే ఇద్దామనుకున్నాం,” అంది ఆవిడ. స్టవ్ వెలిగించింది. పాలు పొంగాయి. నాకు ఒక గ్లాసు ఇచ్చింది. తాగాను. ఆ పాలు పొంగడానికి ఒకరి ఉద్యోగం పోవలసి వచ్చిందా అనిపించింది. పోకపోతే ఇంకేం పోయేదో అని కూడా అనిపించింది. రెండూ నిజమే. రెండు నిజాల్నీ పక్కపక్కన పెట్టుకుని బతకడం నాకింకా చేతకాలేదు.

ఆ వేసవిలోనే పెద్దాయనా భార్యా ఇల్లమ్మి హాలిఫాక్స్ వైపు వెళ్లిపోయారు. డాక్టరమ్మ గారి ఫోన్లకి మొదట్లో జవాబిచ్చేవాడు, తర్వాత మానేశాడు. నా పుట్టినరోజుకి మాత్రం ఒక మెసేజ్ వచ్చేది. నేను రిటైరయ్యేదాకా యార్డులో ఉన్నాను. కొత్త టెక్నీషియన్ చాలా మంచివాడు. చేతిలో మిషన్ పట్టుకుని బండంతా తిరిగేవాడు. అది కూత పెడితే ఆగేవాడు. అతని ముక్కు మీద పందెం కాసే అవసరం ఎవరికీ రాలేదు.

పోయిన సెప్టెంబర్‌లో మా ఆయనా నేనూ హాలిఫాక్స్ వెళ్లాం. ఫెర్రీ పడవల రేవు దగ్గర కలుద్దామని మెసేజ్ పెడితే, వస్తాడో రాడో అనుకున్నాను. వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. ఎవరివో చెక్క పడవలకి రంగులేస్తూ కాలక్షేపం చేస్తున్నాడట. వాసన కొంత వచ్చిందట గానీ, అన్నీ తారుమారుగా. కాఫీ కాలిన రబ్బరులా ఉంటుందన్నాడు. ఇంట్లో బ్రెడ్ గురించి భార్యకి నిజం చెప్పేశాడట. ఆవిడకి మొదట్నుంచీ తెలుసునట.

బెంచీ మీద కూర్చుని యార్డులో వాళ్లందరి గురించీ అడిగాడు. ఓనర్ అమ్మాయికి కొడుకు పుట్టాడని చెబితే సంతోషించాడు. మా ఆయన టికెట్లు తేవడానికి లేచాక, నీళ్లకేసి చూస్తూ అడిగాడు.

“జ్వరం తగ్గి వచ్చిన మొదటి వారంలోనే నీకు చెప్పి ఉంటే, ఏం చేసేదానివి?”

ఆయన తన తప్పు గురించి మాట్లాడటం లేదు. నా మీద నింద కూడా లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు. మధ్యాహ్నాలు నా డెస్క్ పక్కన కూర్చుని పంపుల గురించి చెప్పినట్టే ఈ ఒక్క సంగతీ చెప్పి ఉంటే అంతా వేరుగా ఉండేదేమోనని ఇన్నేళ్లూ ఆలోచించుకున్నట్టున్నాడు.

“మీ పక్కన నిలబడేదాన్ని. ఇద్దరం కలిసి ఏదో ఒకటి చేసేవాళ్లం,” అన్నాను. వెంటనే అన్నాను. అంత వెంటనే వచ్చిన జవాబు మీద మా ఇద్దరికీ నమ్మకం కుదరలేదు. మొదటి వారంలో చెప్పి ఉంటే, నేను భయపడి ఆ వారంలోనే ఓనర్ గదిలోకి వెళ్లి ఉండేదాన్నేమో. వెళ్లకుండా దాచి ఉంటే అది ఇంకా పెద్ద పొరపాటు అయ్యేదేమో. నాకు తెలియదు. ఆయన నా మొహం చూసి ఆ సంగతి గ్రహించాడు. ఎప్పటిలాగే మర్యాదస్తుడు కదా, మాట మార్చాడు. గాలి తూర్పు నుంచి వస్తోంది, శాలువా కప్పుకో అని చెప్పి, అప్పుడే తిరిగొచ్చిన మా ఆయన చేతిలోంచి టికెట్లు తీసుకుని లైన్లో మాకంటే ముందు నిలబడ్డాడు.